రెండో ఈస్టరుకు సెలవు లేదు

మీరిప్పుడు సెలవు కావాలంటే ఫోనులో ఒక గుండీ నొక్కుతారట. అవతల మీ పైఅధికారి ఇంకో గుండీ నొక్కుతాడట. మా మేనల్లుడు చెబితే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం ఈర్ష్యా కలిగింది. మా రోజుల్లో సెలవు కావాలంటే మనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడాలి, కాగితం ఇవ్వాలి, నేను కళ్ళజోడు తుడుచుకునేంతసేపు ఆగాలి. కళ్ళజోడు తుడవడం నాకు అవసరమై కాదు. యశ్వంతనగర్ గాలిలో దాన్ని తుడిచినా ఒకటే, తుడవకపోయినా ఒకటే. ఎదుటివాడికి నేనెవరో తెలియాలని తుడిచేవాణ్ణి.

నేనక్కడ ఒక ఇనుప ఖనిజం గనిలో టైం ఆఫీసు గుమాస్తాను. గని యజమానిని అందరం సావుకారు అనేవాళ్ళం, నన్ను రైటరు అనేవారు. ఎవరు ఏ షిఫ్టుకు రావాలి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నది నా రిజిస్టరు చెప్పేది. కొండ తవ్వేవాడు తవ్వవచ్చు, లారీ తోలేవాడు తోలవచ్చు, నా గీత పడకపోతే మాత్రం ఆ మనిషి ఆ రోజు భూమ్మీద లేనట్టే అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఖనిజానికి ఎక్కడలేని గిరాకీ వచ్చిన రోజులవి. రోడ్డు నిండా లారీలు, ఆకాశం నిండా ఎర్ర దుమ్ము. బళ్ళారి కౌల్ బజారులో మా ఇంట్లో తెల్ల చొక్కా తొడుక్కుని బస్సెక్కితే, గని దగ్గర దిగేసరికి అది కాషాయం అయ్యేది. మా ఆవిడ విసుగెత్తి ఇటుక రంగు చొక్కాలు కొనడం మొదలుపెట్టింది. అవి మాత్రం ఉతికిన కొద్దీ తెల్లబడేవి.

నాకో సూత్రం ఉండేది. ఒక పండగకు ఒక రోజు, ఒక రోజుకు ఒక సెలవు. రంజానుకు నెలవంక కనబడేదాకా ఆగమంటేనే నాకు ఒళ్ళు మండేది. అలాంటివాడి చేతికి ఆ యేడు నలుగురు క్రైస్తవులు చిక్కారు. నా రిజిస్టరులో నలుగురికీ ఒకటే గడి. ఈ కథలో జరిగిన చిక్కులన్నీ ఆ ఒక్క గడి నుంచి పుట్టాయి.

మొదటివాడు బ్లాస్టింగ్ మేస్త్రి, అంటే కొండకు మందు దట్టించి పేల్చేవాడు. మా కౌల్ బజారులోనే పుట్టి పెరిగిన క్యాథలిక్కు. ఒక బుధవారం పొద్దున నుదుటి మీద బూడిదతో షిఫ్టుకు వచ్చాడు.

"ఏమప్పా, మొగం కడుక్కోని రాగూడదా? సావుకారు జూస్తే ఏమనుకుంటాడు?" అన్నాను.

"ఇది కడుక్కునేది కాదు రైటరప్పా. బూడిద బుధవారం. ఇంగ ఈస్టర్ దాంక మాంసం ముట్టను, బీడీ ముట్టను."

"బీడీ గూడానా?"

అతను కాసేపు ఆలోచించాడు. "బీడీ సగమే," అన్నాడు.

అతని భార్య ప్రొటెస్టెంటు చర్చి ఇంటిపిల్ల. ఆమె చర్చిలో మాంసం మానాలన్న పట్టింపు లేదు. పంట పండగ నాడు గుమ్మడికాయలు వేలం వేసేటప్పుడు మాత్రం ఆమెను పట్టలేం. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో ఒకరు చారన్నం తింటుంటే ఒకరు ఎముక కొరికేవారు. అతని ఉపవాసంలో కష్టమంతా అదేనని నా అనుమానం.

రెండో మనిషి మా ఫస్టెయిడ్ గదిలో నర్సు. కేరళ నుంచి వచ్చి పదేళ్ళయింది, అందరికీ సిస్టరమ్మ. ఆమెది అక్కడి సిరియన్ ఆర్తడాక్సు సభ. బూడిద సంగతి అడిగితే, "మా సభలో బూడిద లేదు సార్. మాకు సోమవారం నుంచే మొదలు. యాభై రోజులు," అంది. మేస్త్రి కంటే రెండు రోజులు ముందే మొదలుపెట్టిందన్నమాట. మేస్త్రికి ఆ సంగతి కొంచెం చిన్నతనంగా ఉండేది.

మూడోవాడు లోడరు నడిపే డ్రైవరు. కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప కాలువ కింద వరి పండించే క్యాంపువాళ్ళ అబ్బాయి, పెంతెకొస్తు. ఈయనకు బూడిదా లేదు, ఉపవాసాల లెక్కా లేదు, క్రిస్మసూ లేదు, ఈస్టరూ లేదు.

"తేదీ బైబిల్లో రాయలేదండి. మాకు ప్రతి ఆదివారం ఈస్టరేనండి," అన్నాడు.

"మరి నీ పండగ రజా యాడ రాసేదప్పా?" అన్నాను. మా వైపు సెలవును రజా అంటాం.

"సోమవారం రాసేయండి. మా పొలానికి నీళ్ళు వదిలే వంతండి."

నాలుగోవాడి దగ్గరే నేను బోర్లాపడ్డాను. ఖనిజాన్ని నలగ్గొట్టి బెల్టు మీద పైకి పంపే కొత్త క్రషింగ్ ప్లాంటు బిగించడానికి ఫిబ్రవరిలో సెర్బియా దేశం నుంచి వచ్చిన ఇంజినీరు. ఆ దేశం ఎక్కడుందో మా గనిలో ఎవరికీ తెలియదు. ఆరడుగుల పైచిలుకు మనిషి, నవ్వితే పసివాడిలా ఉండేవాడు. అందరం దొర అనేవాళ్ళం. ఫిట్టర్ల దగ్గర కన్నడం, తెలుగు కలిపి నేర్చుకున్నాడు. ఆ కన్నడంలో 'ఐతు' అంటే అయింది, 'ఆగిల్ల' అంటే కాలేదు. ఈ రెండు మాటలతోనే ఆ మనిషి ప్లాంటంతా నిలబెట్టాడు. బోల్టు ఐతు. మోటారు ఆగిల్ల. టీ ఆగిల్ల.

మార్చిలో ఒక సోమవారం నుంచి దొర టీలో పాలు వద్దన్నాడు. మాంసం, గుడ్డు కూడా వద్దన్నాడు. తన పాలలో నీళ్ళు కలుస్తాయని ఈయనకు ఎవరో చాడీలు చెప్పారని క్యాంటీన్ మేస్త్రి అలిగాడు. నిజానికి అది దొర ఉపవాసం. దాని గురించి అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

అదే నెలలో ఈస్టరు వచ్చింది. గోడమీది క్యాలెండరులో ఎర్ర అంకె వేసి మరీ ఉంది. నాకు ఎక్కడలేని ఉదారబుద్ధి పుట్టి దొరకు ఆ రోజు సెలవు రాశాను. పాపం, ఆయన సెలవు అడగనేలేదు. ఆదివారం పొద్దున్నే మామూలుగా టోపీ పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నేను కనకాంబరాల దండతో, మటన్ బిర్యానీ పొట్లంతో కాచుకుని ఉన్నాను.

"హ్యాపీ ఈస్టర్ దొరా!" అని దండ వేశాను.

ఆయన దండను చూశాడు, పొట్లాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఈస్టర్ ఆగిల్ల," అన్నాడు.

పరాయి దేశంలో ఇంటికి దూరంగా పండగ చేసుకోలేకపోయాడన్న బాధ కాబోలనుకున్నాను. "ఐతు దొరా, ఐతు!" అని ఓదార్చి, బిర్యానీ చేతిలో కుక్కి, జీపులో గెస్టుహౌసుకు తోలించాను. ఆ పొట్లం ఆయన లోడరు డ్రైవరుకు ఇచ్చేశాడని తరువాత తెలిసింది. ఏ ఈస్టరూ లేని డ్రైవరు ఆ రోజు డ్యూటీలోనే ఉండి, తన క్యారియరూ తిని, ఈస్టరు బిర్యానీ కూడా తిన్నాడు.

మూడు వారాలకు దొర నా బల్ల ముందుకు వచ్చాడు. చేతిలో సెలవు దరఖాస్తు. ఏప్రిల్ నెలాఖరున ఒక శుక్రవారం, ఆ తరువాతి ఆదివారం. కారణం: ఈస్టరు.

నేను కళ్ళజోడు మామూలు కంటే ఎక్కువసేపు తుడిచాను. ఇరవైయ్యేళ్ళ సర్వీసులో తాతను మూడుసార్లు చంపినవాళ్ళను చూశాను. ఒకే యేడు రెండు ఈస్టర్లు అడిగినవాణ్ణి చూడలేదు. ఎర్ర సిరా పెన్ను తీసి, 'ఈస్టరు సెలవు ఇదివరకే వాడుకున్నారు. తిరస్కరించడమైనది' అని రాసి ముద్ర వేశాను.

"ఈస్టర్ ఆగిల్ల," అన్నాడు దొర మెల్లగా.

నేను వేలెత్తి చెప్పాను: "దొరా, ఏసుసామి లేచింది ఒక్కసారే. రెండోసారి లేసేకి ఈడ రజా ల్యా."

దొర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. నేను మాత్రం ఆ మాట క్యాంటీనులో వారం రోజులు చెప్పుకుని తిరిగాను. చెప్పినప్పుడల్లా అందరూ నవ్వేవారు. బ్లాస్టింగ్ మేస్త్రీ, సిస్టరమ్మా నవ్వేవారు కాదు. తమకు తోచని తెలివైన మాట విని ఓర్వలేకపోతున్నారనుకున్నాను.

అప్పుడే మా యజమాని కొత్త ప్లాంటుకు ముహూర్తం పెట్టించాడు. మా సావుకారు తాతల కాలం నుంచి వేరుశనగ, పత్తి పండించిన తెలుగు రైతు కుటుంబం వాడు. మొదట లారీలు కొన్నాడు, తరువాత గనిలోకి దిగాడు. యంత్రాలన్నీ విదేశాలవే అయినా, రాహుకాలంలో నట్టు బిగించనిచ్చేవాడు కాదు. సిద్ధాంతి చూసి పెట్టిన ముహూర్తం శుక్రవారం పొద్దున తొమ్మిదీ నలభై. దొర అడిగిన శుక్రవారమే అది. శుభలేఖలు అచ్చు వేయించేముందు సావుకారు నన్ను పిలిచి అడిగాడు.

"రైటరూ, ఆ దొరకు ఆ దినం పండగా గిండగా ఏమన్నా ఉండాదా? బటన్ ఒత్తాల్సింది ఆయప్పే."

నేను రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను: "అన్నీ అయిపోయినాయి సార్."

దరఖాస్తు సంగతి చెప్పలేదు. నేను తిరస్కరించిన కాగితం నాకు లేని కాగితమే.

ముహూర్తానికి రెండు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం, సావుకారు గదికి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి దొర అక్కడ నిలబడి ఉన్నాడు. సావుకారు మొహం ఖనిజం రంగులో ఉంది.

"శుక్రవారం బటన్ ఒత్తడంట. ఆ దినం వాళ్ళ దేవుడు శిలువ మింద చనిపోయిన దినమంట. ఏంది రైటరూ ఇది? అది పోయిన నెలే అయిపాయ గదా?"

దొర జేబులోంచి కాగితం తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టాడు. నా ఎర్ర సిరా. నా ముద్ర.

సావుకారు చదివాడు. మళ్ళీ చదివాడు. "నేనడిగినప్పుడు ఏమంటివి?"

"అయిపోయినాయంటిని సార్."

"అయిపోయింటే ఇదేంది?"

"ఇది రెండోది సార్."

"రెండోది యాడిదప్పా?"

"నాకు తెలీదు సార్."

"పిలిచినోళ్ళంతా శుక్రవారం వస్తాండారు. తొమ్మిదీ నలభైకి బెల్టు తిరగల్ల. తిరగలేదా, శనివారం నుంచి నువ్వు ఈ గనికి రావాల్సిన పనిల్యా."

నాకు రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. ఆ కుర్చీ తప్ప నాకు ఇంకో విద్య తెలియదు. ఇంట్లో కూర్చుంటే నేను ఎవరి సెలవు కాదనాలి? మా ఆవిడ దగ్గర నా ఎర్ర సిరా చెల్లదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఏడుపొచ్చింది.

సావుకారు మిగతా ముగ్గురినీ పిలిపించాడు. కోర్టులో సాక్షుల్లా వరసగా నిలబెట్టి మొదట మేస్త్రిని అడిగాడు. "ఏమప్పా, మీ గుడ్‌ఫ్రైడే ఐపాయనా, ల్యా?"

"మాది ఐపాయ సార్. బీడీ గూడా మల్ల మొదలుపెడ్తి."

"సిస్టరమ్మా, మీది?"

"మాదీ అయిపోయింది సార్."

"నువ్వు చెప్పప్పా డ్రైవరూ."

"మాకు శుక్రవారమే లేదండి. ఆదివారం ఒక్కటేనండి."

సావుకారు తల పట్టుకున్నాడు. "సిస్టరమ్మా, నువ్వూ ఆర్తడాక్సు, ఆయనా ఆర్తడాక్సు అంటాండారు. మీ ఇద్దరికన్నా ఒకటి కావల్ల గదా?"

"మాటే ఒకటి సార్, సభలు వేరు. మేం కేరళ వాళ్ళం ఈ మేస్త్రి వాళ్ళ తేదీనే పాటిస్తాం. ఇంజినీరు సార్ వాళ్ళది పాత క్యాలెండర్." సిస్టరమ్మ ఓపికగా చెప్పసాగింది. "వసంతంలో పగలూ రాత్రీ సమానం అవుతాయి కదా సార్. దాని తరువాత పౌర్ణమి వస్తుంది. ఆ తరువాతి ఆదివారం ఈస్టర్. రెండు క్యాలెండర్లలో రెండు లెక్కలు. కొన్ని సంవత్సరాలు ఒకే రోజు పడుతుంది, కొన్నిసార్లు వారం తేడా. ఈ సారి ఐదు వారాలు."

సావుకారు కుర్చీలో ముందుకు జరిగాడు. "పౌర్ణమా? మీ పండగలకు గూడా పౌర్ణమి చూస్తారా?"

"చూస్తాం సార్."

"చూడప్పా! నాకిన్నేండ్లూ తెలీనే తెలీదు."

గాలి అటు తిరుగుతోందని నాకు భయమేసింది. తప్పు నాదని తేలిపోతుంది. చేతులు జోడించి అన్నాను: "సార్, మీరే చెప్పండి. ఒకే దేవునికి రెండు తారీఖులెట్లుంటాయి?"

సావుకారు నావైపు తిరిగాడు.

"నోరు మూస్కో రైటరూ. మా ఇంట్ల కృష్ణుడు ఏటా రెండుసార్లు పుడ్తాడు."

ఎలాగో కూడా ఆయనే చెప్పాడు. "మా యమ్మ అష్టమి తిథి చూస్తాది. నా పెండ్లాము పుట్టింటోళ్ళు రోహిణి నక్షత్రం చూస్తారు. ఒగనాడు మా యమ్మతో ఉపాసం, మర్నాడు ఆమెతో ఉపాసం. రెండు ఊయలలు, రెండు డబ్బాలు చెక్కిలాలు. నువ్వు బో, పోయి మా యమ్మకు చెప్పు, ఒకే దేవునికి రెండు తారీఖులెట్లని. చెప్పి ప్రాణాలతో తిరిగి రా, చూస్తా."

దొరకు ఇదంతా ఎంత అర్థమైందో తెలియదు. సావుకారు లేచి ఆయన భుజం తట్టి, "ఆగిల్ల అంటే ఆగిల్లనే, దొరా. రజా తీస్కో," అన్నప్పుడు మాత్రం ఆయన కళ్ళు తడిశాయి.

కానీ ముహూర్తం అలాగే ఉంది, పిలిచిన వాళ్ళు అలాగే ఉన్నారు. అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "సార్, ముహూర్తానికి బెల్టు తిరగల్ల, అంతే గదా? కరెంటుతోనే తిరగల్లని యాడన్నా ఉండాదా? మనమంతా తాడేసి గుంజుదాం. సోమవారం దొర వచ్చి అసలు బటన్ ఒత్తుతాడు."

సావుకారు సిద్ధాంతికి ఫోను చేశాడు. "చేత్తో తిప్పితే సరిపోతాదా స్వామీ?... ఆఁ... ఒక గజం?... ఆఁ." ఫోను పెట్టేసి మావైపు తిరిగాడు. "తిరిగితే చాలంట. ఎవరు తిప్పినారనేది శాస్త్రంలో ల్యాదంట." తరువాత నావైపు వేలు చూపించాడు. "తాడు ముందర పట్టుకునేది నువ్వే. తిరిగిందా, నీ కుర్చీ నీది."

గురువారం దొర బెల్టుకు బ్రేకు వదిలేసి, తాడు కట్టే క్లాంపు బిగించి, "శుక్రవారం ఊట ఇల్ల, పని ఇల్ల," అని చెప్పి వెళ్ళాడు. తిండీ లేదు, పనీ లేదు అని. తాడును ఎటు లాగాలో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. తాడు లాగడం కూడా ఒకరు నేర్పాలా అని నా ధీమా.

శుక్రవారం వచ్చింది. ప్లాంటుకు అరటి పిలకలు, మామిడాకులు, బెల్టు కింద నిమ్మకాయలు. షామియానా కింద కుర్చీల్లో పెద్దమనుషులు. మేం ఇరవై ఐదు మందిమి తాడు పట్టుకున్నాం, అందరికంటే ముందు నేను. లోడరు డ్రైవరు, "కొబ్బరికాయ నేను కొట్టనండి. తాడైతే లాగుతానండి, తాడుకు మతం లేదు కదండీ," అని నా వెనక చేరాడు. అతని వెనక మేస్త్రి. సిస్టరమ్మ మాత్రం మందుల పెట్టె తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఆమెకు మా మీద ఉన్న నమ్మకం అంత.

అంతలో ఫోటోగ్రాఫరు వచ్చి, అటువైపు నుంచి లాగితే మొహాలకు ఎండ పడదని, ఇటువైపు తిరగమన్నాడు. మొహాలు బాగా పడాలన్న ఆశ నాకూ ఉంది. తిరిగాం.

తొమ్మిదీ నలభై. పురోహితుడు చెయ్యి ఊపాడు. గుంజాం. బెల్టు కదల్లేదు. ఇంకా గుంజాం. నా ప్యాంటు వెనక కుట్టు విడిన చప్పుడు నాకు వినబడింది, షామియానా దాకా వినబడిందని తరువాత చెప్పారు. డ్రైవరు కాలు జారి మేస్త్రి మీద కూలబడ్డాడు. సావుకారు పట్టుపంచె ఎగగట్టి తానే వచ్చి తాడు పట్టుకున్నాడు. బెల్టు కదల్లేదు. పురోహితుడు వాచీ చూసి, పదింపావుకు ముహూర్తం దాటిపోతుందన్నాడు. గుంజి, ఆయాసపడి, మళ్ళీ గుంజి, నిమిషాలు కరిగిపోయాయి. నా కుర్చీ నా కళ్ళ ముందే వేరొకరి కిందికి వెళ్ళిపోతోంది.

గెస్టుహౌసు ఎదురుగా మిట్ట మీద ఉంది. నల్ల చొక్కా వేసుకుని దొర పొద్దుటి నుంచీ వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. మా గుంజుడు మొదలయ్యాక లేచి లోపలికి పోయాడు. బయటికి వచ్చాడు. మళ్ళీ లోపలికి పోయాడు. మూడోసారి బయటికి వచ్చినవాడు ఆగకుండా మిట్ట దిగి, నేరుగా మా దగ్గరికి నడిచి వచ్చాడు.

అందరం తాడు పట్టుకునే ఆగిపోయాం. ఆయన మమ్మల్ని చూసి ఒక్కసారి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి ఎత్తి, ప్లాంటు రెండో చివరవైపు వేలు చూపించాడు. చూపించి, వచ్చిన దారినే మిట్ట ఎక్కి వెళ్ళిపోయాడు.

పైకి ఎక్కే బెల్టు వెనక్కి జారకుండా దానికి లోపల ఒక పట్టు ఉంటుంది. వెనక్కి లాగితే నలభై జతల ఎద్దులు కట్టినా అది కదలదు. మేము ఇంతసేపూ లాగింది వెనక్కే. తాడు పట్టుకుని అందరం రెండో చివరకు పరుగెత్తాం. "ఎయ్!" అని మేస్త్రి అరిచాడు. ఒక్క గుంజుకు బెల్టు కదిలింది. అంత సులువుగా కదులుతుందని మేమనుకోలేదు. సావుకారుతో సహా అందరం వెల్లకిలా ఎర్రమట్టిలో పడ్డాం. షామియానాలో చప్పట్లు. పురోహితుడు, "ఇంకా మూడు నిమిషాలుంది," అన్నాడు. ఆ రోజు తీసిన ఫోటోల్లో మా వీపులు చాలా బాగా వచ్చాయి. నావి ఒకటి రెండు మాత్రం ఎవరికీ చూపించేలా లేవు.

సావుకారు పంచె దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "తిరిగింది గదప్పా. పో, పోయి నీ కుర్చీలో కూర్చో. వెనక మాత్రం ఏమన్నా కట్టుకోని కూర్చో."

కూర్చున్నాను. రిజిస్టరు తెరిచాక కొత్త చిక్కొచ్చింది. మా నిబంధన ప్రకారం ప్లాంటు ఆవరణలో అడుగు పెట్టి పనికి సాయం చేసినవాడు డ్యూటీలో ఉన్నట్టు లెక్క. దొర వచ్చాడు, వేలు చూపించాడు, ఆ వేలుతోనే బెల్టు తిరిగింది. పాతకాలపు నేనైతే హాజరు వేసి సెలవు కోసేవాణ్ణి. కళ్ళజోడు తీసి తుడిచాను, ఈసారి అవసరమై. దొర గడిలో 'సెలవు' అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో 'వేలు చూపించుట పని కిందికి రాదు' అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసు మొత్తంలో నేను గర్వపడే వాక్యం అదొక్కటే.

ఆ సాయంత్రం మిట్ట ఎక్కి గెస్టుహౌసుకు వెళ్ళాను. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్న మనిషిని చూస్తే నాకు సిగ్గేసింది. ఇంటికి అంత దూరంలో, అడిగిన రెండు రోజులు కూడా ఇవ్వకుండా, పైగా ఆయన దేవుడి మీద హాస్యమాడి క్యాంటీనంతా చెప్పుకున్నాను. "తప్పయిపోయింది దొరా," అన్నాను.

"పర్వాగిల్ల," అన్నాడు. ఫరవాలేదని. తరువాత, "ఆదివారం బన్ని. ఎల్లరూ," అన్నాడు. అందరూ రండి అని.

ఆదివారం తెల్లారి వెళ్ళాం. వాళ్ళ ఆచారం ప్రకారం ఆ రోజు ఎర్ర గుడ్లు కావాలట. క్యాంటీన్ మేస్త్రి ఉల్లిపొట్టు బస్తాడు పంపాడు, టీ సంగతి అతనికి అప్పటికి అర్థమై అలక తీరింది. ఉల్లిపొట్టు వేసి గుడ్లు ఉడికిస్తూ సిస్టరమ్మ, "ఇంత కష్టమెందుకు సార్, గంటసేపు కిటికీలో పెడితే అవే ఎర్రబడేవి," అని నవ్వింది.

దొర తెల్ల చొక్కాలో, కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. సిస్టరమ్మకు అర్థమైపోయింది. "క్రీస్తు లేచాడు అంటున్నారు. నిజంగానే లేచాడు అని మనం జవాబు చెప్పాలి," అంది. తను మలయాళంలో చెప్పింది. మేస్త్రి తెలుగులో చెప్పాడు. ఐదు వారాల కిందట తన చర్చిలో చెప్పినదే అయినా కొత్తగా చెప్పినట్టే చెప్పాడు. డ్రైవరు, "ఇది మేం వారం వారం చెప్పేదేనండి," అని అందరికంటే గట్టిగా చెప్పాడు. దొర నావైపు తిరిగాడు. నేనేం చెప్పాలో తెలియక బిక్కమొహం వేశాను.

ఆయనే నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "రైటర్, ఈస్టర్ ఐతు."

ఆ తరువాత గుడ్డు గుడ్డుతో కొట్టుకునే ఆట. ఎవరి గుడ్డు పగలకపోతే వాళ్ళు గెలిచినట్టు. మధ్యలో సావుకారు ఊడిపడి, అందరి గుడ్లూ పగలగొట్టి, తన గుడ్డు ఎత్తి చూపిస్తూ వరండా అంతా తిరిగాడు. సోమవారం పొద్దున దొర బటన్ నొక్కాడు. ప్లాంటు గర్జించింది, దుమ్ము లేచింది, మేమంతా మళ్ళీ ఎర్రబడ్డాం.

వాళ్ళ ఊళ్ళో మొదట రంగు వేసిన గుడ్డును తినరట, ఇంటికి కాపలాగా యేడాదంతా దాచుకుంటారట. వెళ్ళిపోయే రోజు దొర ఆ గుడ్డు నాకిచ్చాడు. టైం ఆఫీసుకు అదే కాపలా అని నా సొరుగులో, ఎర్ర సిరా సీసా పక్కన పెట్టుకున్నాను. వాళ్ళ చలిదేశంలో సంగతేమోగాని, బళ్ళారి ఎండలో ఆ గుడ్డు జూన్ దాకా కాపలా కాసింది. ఆ తరువాత రెండు వారాలు నన్ను సెలవు అడగడానికి నా గదిలోకి ఒక్కడూ రాలేదు. ఎలుక చచ్చిందని గదంతా వెతికించి, నిజం తెలిశాక ఎవరికీ చెప్పకుండా నేనే తీసుకెళ్ళి మిట్ట మీద పూడ్చాను.

మూడేళ్ళ తరువాత, నా రిటైర్మెంటుకు నెల ముందు, టైం ఆఫీసులో ఫోను మోగింది. దూరం నుంచి, గరగర మధ్య, ఆ గొంతు.

"రైటర్! ఈ యేడు నీ క్యాలెండర్ ఈస్టర్, నా క్యాలెండర్ ఈస్టర్, ఒందే రోజు! ఒందే రజా సాకు!"

ఒక్క సెలవు చాలట. గోడమీద క్యాలెండరు చూశాను. నిజమే, ఈసారి రెండు లెక్కలూ ఒకే ఆదివారానికి వచ్చి చేరాయి. "మరి ఐతా, దొరా?" అని అరిచాను. "ఇన్నూ ఆగిల్ల," ఇంకా కాలేదని నవ్వాడు, "ఆదివారం!"

ఫోను పెట్టేసి రిజిస్టరు తీశాను. దొర వెళ్ళిపోయినా ఆయన పేరును నేను ఏటా కొత్త రిజిస్టరులోకి ఎక్కిస్తూనే ఉన్నాను. ఆ ఆదివారం గడిలో ఒకే తారీఖు మీద రెండు సెలవులు మంజూరు చేశాను, కొత్త క్యాలెండరుకు ఒకటి, పాత క్యాలెండరుకు ఒకటి, అదీ నీలం సిరాతో. ముద్ర కూడా వేశాను. గని విడిచి వెళ్ళిన మనిషి ఒకే రోజున రెండు సెలవులు ఎలా వాడుకున్నాడని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే కృష్ణాష్టమికి మా సావుకారు ఇంటికి పంపుతాను. రెండు రోజులూ.